నీలం గళ్ళ చొక్కా

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు నేను మనస్తత్వశాస్త్రం చెబుతాను. అందులో నాకు బాగా ఇష్టమైనది, మనసు మొహాన్ని ఎలా గుర్తుపడుతుందన్న పాఠం. కన్నూ ముక్కూ నోరూ విడివిడిగా చూసుకుని కాదు, వాటి అమరిక మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేసి మనిషిని పోల్చుకుంటామని బోర్డు మీద గీసి మరీ చెబుతాను. చెప్పే నాకు ఆ విద్య లేదు. కళ్ళు బాగానే కనిపిస్తాయి, ముక్కు బాగానే కనిపిస్తుంది, అవన్నీ కలిసి ఫలానా మనిషి మాత్రం కావు. పుట్టుకతోనే ఇంతే. పిల్లల్ని వాళ్ళు కూర్చునే బెంచీని బట్టి గుర్తుపెట్టుకుంటాను. చోటు మారారంటే ఆ రోజు అందరినీ 'నాన్నా', 'అమ్మా' అని నెట్టుకొస్తాను. దీపం కిందే చీకటి.

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళను పోల్చుకోకపోతే పరధ్యానం అంటారు. కట్టుకున్నవాడి మొహమే తెలియదంటే ప్రేమ లేదనుకుంటాడని నా భయం. అసలు ఆయనతో ఇబ్బందే రాలేదు. ఉంగరాల జుట్టు, గుబురు మీసం, బయట ఎప్పుడు చూసినా నీలం గళ్ళ చొక్కా. పాతబడితే మళ్ళీ అలాంటిదే కొనేవాడు. "అంగట్లో వేరే రంగులే అమ్మరా? ఇంత పిసినారిని యాడా చూళ్ళేదు" అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

పోయినేడు మా అత్త చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించాం. చెయ్యి కుదిరితే కొండకొచ్చి గుండు చేయించుకుంటానని మా ఆయన మొక్కుకున్నాడు. చక్కగా కుదిరింది, ఆవిడ మళ్ళీ రాగిసంకటి కెలుకుతోంది. ఇంటిల్లిపాదికీ సంతోషం. నాకూ సంతోషమే, కానీ జుట్టూ మీసమూ పోతే ఆయన్ని ఎలా పోల్చుకోవాలా అని దిగులు.

కొండ మీద ఆయన చొక్కా విప్పి సంచిలో పెట్టి, సంచి నా చేతికిచ్చి, పంచెతో కల్యాణకట్ట లోపలికి వెళ్ళాడు. నేను గంధం గిన్నె పట్టుకుని బయట నిలబడ్డాను. గుండు చేయించుకుని స్నానం చేసి వచ్చిన మనిషికి ఇంటి ఆడవాళ్ళే గంధం పూయడం మా ఆనవాయితీ. వాకిట్లోంచి గుండు వెనక గుండు వస్తోంది, అన్నీ తడిగా, మీసాల్లేకుండా. వాళ్ళలో ఒకాయన మా ఆయన ఎత్తే ఉన్నాడు, అలాగే ఎడమ భుజం వంచి నడుస్తున్నాడు. పైగా నా వైపు చూసి నవ్వాడు. ఇంకేం, ఎదురువెళ్ళి నడినెత్తిన గంధం పెట్టి చెవుల దాకా పూశాను.

ఆయన కదలకుండా నిలబడి మర్యాదగా అన్నాడు. "సల్లగానే ఉండాది అమ్మణ్ణీ. కానీ నేను మీ ఇంటాయన గాదు."

ఆయన వెనకే గంధం పొట్లం పట్టుకుని వచ్చిన భార్య, "నా పని నువ్వే చేసేస్తివి. వెనకాల గూడా పూసెయ్ మా, సగం ఎందుకు ఇడిసిపెట్టాల" అంది.

సిగ్గుతో చచ్చిపోతూనే వెనక కూడా పూశాను. తల తిప్పితే ఇంకో గుండు కడుపు పట్టుకుని నవ్వుతోంది. గొంతు మా ఆయనదే.

"మిగిలుంటే నాకూ రోంత పూయి మే."

కొండ దిగే బస్సులో చెప్పేశాను. "నాకు మొహాలు గుర్తుండవు. మీదీ గుర్తుండదు. ప్రేమ లేక కాదు."

"తెలుసు మే" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "పెండ్లయిన కొత్తలో తిరుచానూరులో పూలంగడి కాడ నిన్ను సూసి నవ్వితే, యెవుడో పోకిరోడనుకోని గిర్రున తిరుక్కోని పోతివి. ఆ పొద్దు తెల్లసొక్కా ఏసుకోనుంటి. మర్నాడు నీలం గళ్ళది ఏసుకుంటే సందు ఆ కొసనుంచే నవ్వుకుంటా వచ్చినావు. అప్పుడే అర్థమైపాయ."

"అందుకనా ఎప్పుడూ ఆ రంగే?"

"ఇంకెందుకనుకుంటివి? నాకు నీలమంటే మొదట్నించీ పడదు."

పిసినారి అని ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన భుజం మీద తల పెట్టుకున్నాను. గంధం నా జుట్టుకంతా అంటింది.

తిరుపతిలో బస్సు ఆగాక, జనంలోకి దిగే ముందు ఆయన సంచి అడిగి తీసుకుని చొక్కా తొడుక్కున్నాడు. బస్టాండు నిండా గుండ్లే. నేను నిమ్మళంగా ఆ నీలం గళ్ళ వెంట నడిచాను.