సగం పేరు చెప్పి ఇల్లడిగిన రోజులు

మా ఆవిడ బిడ్డను మోయడమూ, నేను ఇల్లు వెతకడమూ ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి. ఆమె తన పని తొమ్మిది నెలల్లో ముగించింది. నా పని ముగిసిందని ఈ రోజుకూ చెప్పలేను.

అప్పటికి రెండో ప్రపంచయుద్ధం ఇంకా రాలేదు. కడపలో బండల వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఇంట్లో, వీధి వైపు రెండు గదుల్లో మేము బాడుగకు ఉండేవాళ్ళం. మాది ఆలూరు దగ్గర పల్లె. మూడో తరగతిలో అయ్యవారు భూమి తిరుగుతుందని చెప్పినప్పుడు, అయితే మా ఊరు ఎప్పటికి కడపకు చేరుతుందని అడిగాను. ఆయన నన్ను బయటికి పంపారు. నేను మళ్ళీ లోపలికి పోలేదు. ఊరు ఎంతకీ కడపకు రాలేదు గనక నేనే వచ్చాను, మా నాయన ఇచ్చిన విల్లు భుజాన వేసుకుని. బాణాలు వేసే విల్లు కాదు, దూది ఏకేది. నారి మీద కొయ్యతో కొడితే ఝుమ్మని మోగుతుంది, గడ్డ కట్టిన దూది మబ్బులా విచ్చుకుంటుంది. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టి ఇవ్వడం మా పని.

శ్రావణమాసంలో ఒక పొద్దున పెద్దాయన అరుగు మీద కూర్చుని నన్ను పిలిచాడు. మంచి మనిషి. చెడ్డ కబురు చెప్పే ముందు వక్కాకు పెట్టే రకం. ఆకు చేతికి రాగానే నాకు అనుమానం వచ్చింది.

"కొడుకు పెండ్లి కుదిరినాదప్పా. మాఘంలో. ఆ రెండు గదులూ వాండ్లకు కావాల. ఇంకా ఆరు నెల్లుండాది, నిదానంగా చూసుకో," అన్నాడు.

ఆరు నెలలంటే నాకు శానా పెద్ద గడువుగా తోచింది. ఆరు నెలల్లో ఇల్లు వెతకడమేమిటి, కట్టేయొచ్చు అని ఆయనతోనే పరిహాసమాడాను. లోపలికి వచ్చి మా ఆవిడకు చెప్తే ఆమె నవ్వలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఆమెకప్పుడు మూడో నెల. ఏడో నెల నిండితే కడుపుతో ఉన్న మనిషి ఇల్లు మారకూడదని మాలో ముసలమ్మలందరూ అనేవారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ ఆమెకు తల్లి లేదు. తండ్రి కరువు దెబ్బకు ఉన్న గుడిసె అమ్ముకుని ఎవరి వసారాలోనో తలదాచుకుంటున్నాడు. కనుక కాన్పు మా దగ్గరే జరగాలి, మా దగ్గరంటే ఎక్కడో నేను చెప్పాలి. ఆరు నెలలు కాస్తా ఆమె వేళ్ళ మీద నాలుగయ్యాయి.

ఆమె అడిగింది ఒక్కటే. మేడలూ మిద్దెలూ అడగలేదు. "ప్రహరీలోపల బావి ఉండే ఇల్లు చూడు. బిందె చంకలో పెట్టుకోని వీధి బావికాడికి పోయి వరసలో నిలబడలేను," అంది.

ఆ రోజుల్లో ఖాళీ ఇంటికి బోర్డు కట్టే అలవాటు లేదు. గడప ముందు ముగ్గు లేకపోతే లోపల మనుషులు లేరని గుర్తు. నేను తలొంచుకుని, ముగ్గులు చూసుకుంటూ వీధులన్నీ తిరిగాను. వంకకు అవతల ఒక ఇంటి ముందు రెండు రోజులుగా ముగ్గు లేదు. తలుపు కొడితే ఒక ముసలావిడ తీసింది. ఎప్పుడు ఖాళీ అయిందమ్మా అని అడిగాను. "మొన్న సాయంత్రం పోయినాడు నాయనా," అందామె. యాడికి పోయినాడమ్మా అన్నాను, ఇంకా ఇంటి కొలతలు చూస్తూనే. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తుండుగుడ్డ తీసి తల వంచుకుని, వచ్చినవాణ్ణి వచ్చినట్టే పోకుండా ఆ చావింటి గుమ్మం దగ్గర కాసేపు కూర్చుని వచ్చాను. దర్గా వైపు సాయిబుల వీధుల్లోకి పోతే ఇంకో చిక్కు. అక్కడ ఏ గడపకూ ముగ్గుండదు. నా కొండగుర్తు ప్రకారం ఆ పేట పేటంతా ఖాళీయే.

భాద్రపదం వచ్చేసరికి అసలు అడ్డం ఎక్కడుందో తెలిసింది. అది నా పేరులో ఉంది.

మాది దూదేకుల ఇల్లు. పండుగకు మసీదుకు పోతాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అందువల్ల మా పేర్లు కూడా రెండు అతుకులుగా ఉంటాయి. నా పేరు ముందు సగం మసీదులో పిలిచినట్టుంటుంది, వెనక సగం 'అప్ప' అని పొలం గట్టు మీద పిలిచినట్టుంటుంది. పూర్తి పేరు చెప్పగానే హిందువుల వీధిలో ముందు సగం విని తలుపు దగ్గరికి వేసేవారు. సాయిబుల వీధిలో వెనక సగం విని, ఉర్దూ రాదా అని జాలిపడి, ఆ జాలితోనే పంపించేవారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందరూ మర్యాదగానే లేదన్నారు. మర్యాదగా లేదన్నవాడితో ఎట్లా పోట్లాడాలో నాకు తెలియదు.

మా వీధి మొదట్లో వక్కాకు అంగడి పెట్టుకున్న మనిషికి ఊళ్ళో ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలుసు. ఆయనే నాకు ఉపాయం చెప్పాడు. "రెండు సగాలూ ఒకేతూరి చెప్తావేందప్పా. పేరేమన్నా గంపా, మొత్తం దించడానికి? యా వీధికి ఆ సగం చెప్పు."

బుద్ధిమంతుడు అనుకున్నాను. మరుసటి రోజే ముందు సగంతో సాయిబుల వీధికి వెళ్ళాను. ఇంటాయన పెద్ద వయసువాడు, తెల్ల గడ్డం. ఉర్దూలో ఏదేదో అడిగాడు. నాకు వచ్చిన ఉర్దూలో అన్నిటికంటే బాగా పలికే మాట 'జీ', అంటే అవునని. అడిగిన ప్రతిదానికీ జీ అన్నాను. ఆయన మధ్యలో ఒకసారి ఆశ్చర్యంగా చూశాడు. అప్పుడు ఇంకొంచెం వినయంగా జీ అన్నాను. కబురు పంపుతానన్నాడు. రెండు రోజుల తర్వాత ఆ కబురు అంగడాయన నోట వచ్చింది. ఇల్లు చిన్నదట, ఇద్దరు పెళ్ళాలున్నవాడికి చాలదట.

ఇంటికి వచ్చి చెప్తే మా ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "ఆ రెండోదానికన్నా ఇల్లుందేమో అడుగు. అందరమూ ఆడికే పోదాం," అంది.

నేను పడీపడీ నవ్వాను. ఆమె చాట పక్కన పెట్టి నడుం పట్టుకుని లేచి నీళ్ళకు పోయింది. అప్పటికి అయిదో నెల.

ఆరో నెలలో ఆ ఇల్లు కనబడింది. కచేరీలో పని చేసి మానుకున్న ఒక గుమస్తాది. ఆయన పక్కింట్లోనే ఉంటాడు. రెండు గదులు, వంటకు వసారా, తల ఎత్తు ప్రహరీ, మూల బావి. బావి చుట్టూ నల్ల బండలు పరిచి, నీళ్ళు పోయే కాలువ తీసి, కాలువ చివర అరటి పిలక నాటి ఉంది. గిలక కూడా కొత్తది. నేను ఇల్లు చూడడం మరిచిపోయి బావినే చూశాను. గుమస్తాకు వెనక సగం చెప్పాను. ఆయనకు నచ్చింది. మనుషులెంతమంది అంటే ఇద్దరమన్నాను, మూడో మనిషి దారిలో ఉన్నాడని చెప్పాను. ఆయన నవ్వాడు. నా పరిహాసానికి నవ్విన మొదటి ఇంటాయన ఆయనే. పొయ్యి ఏ మూల పెట్టుకోవాలో కూడా చూపించాడు. ఎప్పుడు దిగుతారని అడిగాడు.

సంతోషం మనిషి చేత ఏం మాట్లాడిస్తుందో చూడండి. "ఇన్షా అల్లా, రేపే వచ్చేస్తాం సామీ," అన్నాను.

మాట నోటి నుంచి బయటపడ్డాక దాని తోక నాకే కనబడింది. గుమస్తా గిలక మీద చెయ్యి వేసి నా వైపు తిరిగాడు.

"మీరేమోళ్ళప్పా?"

"దూదేకులోళ్ళం సామీ."

ఆయన కోప్పడలేదు. అట్లనా అన్నాడు. ఇంకోసారి అట్లనా అన్నాడు. ఆ తర్వాత, ఏదో ఒకటి ఇచ్చి పంపాలన్నట్టు, "మా ఇంట్లో పరుపు రాయి మాదిరి అయిపోయినాది. ఏకి ఇస్తావా?" అని అడిగాడు.

ఏకి ఇచ్చాను. ఏం చేయమంటారు? ఆయన పరుపును మా అరుగు మీద విప్పి, మూడు రోజులు విల్లు మోగించి, పొంగిన దూదిని మళ్ళీ కుట్టి, నెత్తిన పెట్టుకుని ఆయన మంచం దాకా మోసి పరిచాను. మంచందాకా పోనిచ్చారు. అక్కడి నుంచి కిటికీలో బావి కనిపిస్తుంది.

ఆ తర్వాత మా ఆవిడే అంది, సగాలు చెప్పింది చాలు, ఇంక నిండా పేరు చెప్పమని. ఒప్పుకున్నాను. ఫలితం ఏమిటంటే, కార్తీకం, మార్గశిరం రెండు నెలల్లో నాకు ఇల్లు లేదన్న ఇళ్ళలో సగానికి సగం పరుపో దిండో ఏకే పని ఇచ్చాయి. చలికాలం గదా. ఏడో నెల నిండిపోయింది. ఎనిమిదో నెల వచ్చింది. మొదట్లో నేను గడప తొక్కగానే మా ఆవిడ 'దొరికిందా' అని అడిగేది. తర్వాత నా మొహం చూసి ఊరుకునేది. చివరికి మొహం కూడా చూడడం మానేసింది. నేనే ఏదో ఒక ఇంటి గురించి కల్పించి చెప్పేవాణ్ణి. పలానా ఇంట్లో తలుపు అంత పొట్టిది, నమాజు చేసినట్టు వంగి పోవాల అని. ఆమె ఊ కొట్టేది. నా మాటలకు ఊ కొట్టేవాళ్ళంటే నాకు భయం.

ఇందులో అన్నిటికంటే పెద్ద పరిహాసం నేను చేసింది కాదు. పుష్యంలో పెద్దాయన కొడుకు పెళ్ళిపరుపు కుట్టే పని నాకే అప్పజెప్పాడు. మేము ఖాళీ చేయాల్సిన గదిలో వేయడానికి, ఆ గదిలోనే కూర్చుని, పెళ్ళికొడుకు పరుపు ఏకాను. మేలైన కొత్త దూది. నా జన్మలో అంత మెత్తగా ఏకింది లేదు. మా ఆవిడ నిండు కడుపుతో గోడకు చేరగిలబడి కూర్చుని, ఎగిరి జుట్టు మీద వాలిన దూదిని తీసుకుంటూ, అంచులు పట్టి ఇచ్చేది.

పెళ్ళి వారముందనగా పెద్దాయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. వక్కాకు తేలేదు. "ఏం చేయమంటావప్పా?" అన్నాడు. నన్నడిగాడు. అయ్యవారికే ఎదురు ప్రశ్న వేసినవాణ్ణి, తల వంచుకుని దారం చుట్టుకుంటూ కూర్చున్నాను. ఇంకో మూడు రోజులు చూస్తామని మా ఆవిడే లోపల నుంచి అంది. మూడు రోజుల్లో ఏం చూస్తామో ఆమెకూ తెలియదు.

మూడోనాడు మధ్యాహ్నం నేను పరుపుకు కడపటి కుట్లు వేస్తుంటే ఆమెకు నొప్పులొచ్చాయి. మంత్రసాని వచ్చి ఇంక కదిలించేది లేదంది. పొద్దు వాలకముందే ఆ గదిలోనే ఆడపిల్ల పుట్టింది. నేను పెళ్ళిపరుపును ఎత్తుకుని వీధిలో నిలబడ్డాను, దాని మీద ఏ మైలా పడకుండా. బిడ్డ ఏడుపు విన్నప్పుడు నా నెత్తిన ఇంకొకరి పరుపుంది.

సాయంత్రం పెద్దాయన తల గోక్కుంటూ వచ్చాడు. పురుడు పడిన గదిలోకి కొత్త పెండ్లికూతుర్ని దించగూడదని ఆయన తల్లి పట్టుపట్టింది. పెళ్ళి నాలుగు రోజుల్లో ఉంది. ఆయన గొంతు తగ్గించి, "ఊర్లో ఇండ్లన్నీ చూసినావు గదా. మావాండ్లకు రెండు నెల్లకు సరిపోయేది యాడన్నా ఉండాదా?" అని అడిగాడు.

ఉంది. నాకు తెలియని ఖాళీ ఇల్లు కడపలో లేదు. మరునాడు పొద్దున ఆయన్ను గుమస్తా దగ్గరికి తీసుకుపోయాను. పెద్దాయన తన పేరు చెప్పాడు, మొత్తం పేరు, మొదటి నుంచి చివరి దాకా. గుమస్తా బీగంచెవి తెచ్చి చేతిలో పెట్టాడు. ఒక్క మాట కూడా అడగలేదు. నేను ఆరు నెలలు నడిచిన పని, వీధిలో ఎండ ఇటు నుంచి అటు మారేలోపల అయిపోయింది.

పెళ్ళిపరుపు నేనే మోసుకుపోయి అక్కడ పరిచాను. ఎండకు నోరు ఎండితే నీళ్ళడిగాను. గుమస్తా భార్య బావిలోంచి తోడి, చెంబు ఎత్తి నా దోసిట్లో పోసింది. తాగాను. మళ్ళీ పట్టాను. మళ్ళీ పోసింది.

కొత్త కోడలికి అత్త లేని ఇల్లు నచ్చింది. రెండు నెలలు రెండేళ్ళయినా ఆమె ఆ బావిని వదిలి రాలేదు. పెద్దాయన ప్రతి ఉగాదికీ, ఈ ఏడాది వచ్చేస్తారప్పా, నువ్వు చూసుకుంటా ఉండు అనేవాడు. నేను చూసుకుంటూ ఉండేవాణ్ణి. ఎప్పుడంటే అప్పుడు లేవాలని మూటలు విప్పకుండానే ఆ గదుల్లో పదకొండేళ్ళు బతికాం. నా కూతురు గోడకు మేకు కొట్టడం ఆ ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

పరుపు పరిచి వచ్చిన ఆ రోజు మా ఆవిడ పసిపిల్లను పక్కలో వేసుకుని పడుకుని ఉంది. అటు తిరిగే అడిగింది.

"ఆ బావి నీళ్ళు ఎట్లుండాయి?"

"ఉప్పు," అన్నాను. "నోట్లో పెట్టుకోలేం."

ఆమె ఇటు తిరిగింది. నా అంగీ చేతులు మోచేతుల దాకా ఇంకా తడిగా ఉన్నాయి. వాటి వైపు చూసింది.

"అయితే పోనీలే," అంది. "మంచిదే అయింది."