దానియేలు అన్న గిటారుకి నేను రాసిన తనిఖీ రిపోర్టు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నేను కిరండూల్ రైల్వే డిపోలో సీనియర్ సెక్షన్ ఇంజనీరుని, క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగం. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. ఇనప ఖనిజం మోసే వ్యాగన్లని బండి కదిలే ముందు పరీక్షించి, బాగున్నవాటికి ఫిట్ సర్టిఫికెట్ ఇవ్వడం, బాగులేనివాటి మీద సుద్దతో ‘సిక్’ అని రాసి బండిలోంచి తప్పించడం మా పని. ఒకసారి సిక్ అని రాశామా, ఎంత పెద్ద ఆఫీసరు ఫోన్ చేసినా రిపేరు కాకుండా ఆ వ్యాగన్ కదలదు. ముప్పై ఏళ్లు ఇదే పని చేసినవాడికి పెళ్లాం పెట్టిన ఇడ్లీలో కూడా ముందు లోపమే కనపడుతుంది. ఈ మాట నాది కాదు, మా ఆవిడది.

డ్యూటీ దిగాక నాకొక పిచ్చి ఉండేది. పాత ఎలక్ట్రిక్ గిటార్లు కొనడం. పెద్ద కంపెనీలవి కావు. ఎక్కడో విదేశంలో ఒక్కడే మేస్త్రి, చిన్న షెడ్డులో కూచుని, ఏడాదికి పదో పన్నెండో చేత్తో చేసినవి. ఆ మేస్త్రి పోతాడు, షెడ్డు మూతపడుతుంది, గిటార్లు మాత్రం చేతులు మారుతూ తిరుగుతుంటాయి. అలాంటివి రెండు సంపాదించాను. ఒకటి విశాఖలో ఓడ ఉద్యోగం మానేసిన ఒకాయన దగ్గర, ఇంకోటి రాయపూర్‌లో మూసేసిన ఆర్కెస్ట్రా దగ్గర. మూడోది ఎక్కడుందో కూడా నాకు పదేళ్లుగా తెలుసు. మా వరసలో నాలుగో క్వార్టరు, దానియేలు అన్న ఇంట్లో.

దానియేలు అన్న లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. మాది బొబ్బిలి వైపు, ఆయనది కొత్తవలస. కుర్రతనంలో హార్బరులో ఎవరో నావికుడి దగ్గర కొన్న గిటారుని ముప్పై ఏళ్లపాటు ఆదివారం ఆదివారం చర్చిలో వాయించాడు. ఇప్పుడు వేళ్లు వంకర్లు తిరిగి తీగ నొక్కలేకపోతున్నాడు. క్వార్టరు మే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. కొత్తవలసలో కడుతున్న ఇంటికి గోడలు లేచాయి, స్లాబు పడలేదు. వానలు మొదలయ్యేలోగా స్లాబు పడకపోతే ఆయనా, రూతు వదినా ఎక్కడుండాలో వాళ్లకే తెలీదు.

ఆ గిటారు నాకే అమ్ముతాడని నేను ధీమాగా ఉన్నాను. ఇంతలో అన్న వాయించిన పాత క్రిస్మస్ ఆరాధన వీడియో ఒకటి ఫోన్లలో తిరిగి తిరిగి బెంగళూరులో ఒకాయన కంటపడింది. ఇలాంటి గిటార్లు గదినిండా పోగేసిన సంపన్నుడు. గిటారు తలకట్టు చూసే ఏ మేస్త్రి పనో పోల్చేశాడట. నేను ఇద్దామనుకున్న ధరకి రెండింతలు ఇస్తానన్నాడు, కాకపోతే తెలిసినవాళ్ల చేత పరిస్థితి మీద రిపోర్టు రాయించి పంపమన్నాడు.

దానియేలు అన్న నేరుగా మా ఇంటికే వచ్చాడు. “తమ్ముడూ, నీకన్నా తెలిసినోడు ఈ లైన్లో ఎవుడున్నాడు? నువ్వు సూసి రాసీ,” అన్నాడు.

చూశాను, రాశాను. ఎలా రాశానో చెప్పాలి. వ్యాగన్‌ని చూసినట్టే చూశాను, టార్చీ, భూతద్దం పట్టుకుని, కొస నుంచి కొస దాకా. వార్నిష్ అంతా సన్న పగుళ్లు. పగుళ్లలో ఖనిజం ఎర్రదుమ్ము. మెడ వెనక రంగు పోయి చెక్క బయటపడింది. తీగలు నొక్కే మెట్లు అరిగాయి. చెయ్యి ఆనేచోట చెమటకి నల్లమచ్చ. మొత్తం పదిహేడు లోపాలు, నంబర్లు వేసి, ఫోటోలతో సహా. ఒక్క మంచి మాట రాయలేదు. రాసిందాంట్లో అబద్ధం లేదు, కానీ ఉద్దేశం వేరు. ఆ రిపోర్టు చదివి బెంగళూరాయన దణ్ణం పెట్టి తప్పుకుంటాడు, గిటారు నాదవుతుంది. సిక్ అని రాసి పక్క లైన్లో పెట్టుకోవడం నాకు చేతనైన విద్య.

మర్నాడు జవాబొచ్చింది. ఆయన ధర పెంచాడు!

ఓరి దేవుడా, ఇదేం గోల అనుకున్నాను. తర్వాత తెలిసింది. ఆ స్థాయి కొనుగోలుదారులకి పగుళ్లే ప్రాణం. మళ్లీ రంగు వెయ్యలేదనీ, ఎవరూ మెరుగు పెట్టలేదనీ పగుళ్లే సాక్ష్యం. నేను రాసిన ప్రతి లోపం ఒక అర్హత. ఎర్రదుమ్ము తుడవొద్దని మరీ మరీ చెప్పాడట. అమ్మేవాడి స్నేహితుడు ఇంత నిర్దయగా రాశాడంటే కచ్చితంగా నిజాయితీపరుడేనని, తను వచ్చినప్పుడు నన్ను దగ్గర ఉండమన్నాడు. రూతు వదిన ఆరోజే రొయ్యల వేపుడు పంపింది. తినక తప్పలేదు.

ఆయన జగదల్‌పూర్ దాకా విమానంలో, అక్కణ్ణుంచి టాక్సీలో వచ్చాడు. నా రిపోర్టు ప్రింటు తీసి తెచ్చుకున్నాడు. వరండాలో బల్ల మీద గిటారు పెట్టి ఒక్కో నంబరూ చదువుతూ, నన్ను చూపించమంటూ, ప్రతి పగులుకీ మురిసిపోయాడు. పదిహేడూ అయ్యాక జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి వెనక బిళ్ల విప్పాడు. లోపల చూసి మొహం మాడ్చుకున్నాడు.

వాల్యూమ్ కంట్రోల్ కొత్తది. ధ్వనిని పెంచీ తగ్గించే గుండీ కింద ఉండే చిన్న భాగం అది. ఏడేళ్ల కిందట గరగర మంటోందంటే నేనే మార్చాను. కొత్త పార్టు వెయ్యడం నా లెక్కలో మంచి విషయం, అందుకే కావాలని రిపోర్టులో వదిలేశాను. తీరా చూస్తే ఆయన దృష్టిలో గిటారుకున్న ఒకే ఒక్క లోపం అదే. పదిహేడు సద్గుణాలు రాసి, అసలు లోపాన్ని నా చేత్తోనే దాచిపెట్టాను.

గిటారుతో వచ్చిన అసలు పార్టు లేకపోతే సగమే ఇస్తానన్నాడు. దానియేలు అన్న రూతు వదిన కేసి చూశాడు. ఆవిడ టీ గ్లాసుల ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. సగంతో స్లాబు పడదు.

నాకు సంతోషం వేసింది. ఆ సంగతి ఇప్పుడు మీ దగ్గర దాచి లాభం లేదు. సగమంటే నా పీఎఫ్‌లో దొరుకుతుంది. అన్న ఎలాగూ ఎక్కడో దూరపువాడికి సగానికిచ్చేబదులు నాకే ఇస్తాడు. పాత పార్టు ఎక్కడుందో ప్రపంచంలో నా ఒక్కడికే తెలుసు. నేను నోరు మూసుకుంటే చాలు.

మూసుకునే ఉన్నాను. బెంగళూరాయన బిళ్ల బిగిస్తూ హిందీలో గొణిగాడు: ఇలాంటి చోట్ల ఇంతే, మెకానిక్కులు విప్పిందల్లా చెత్తలో పారేస్తారు, ఓ పద్ధతీ పాడూ ఉండదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా పనిలో విప్పిన పార్టు పారెయ్యడం నేరం. దేంట్లోంచి తీశాం, ఎందుకు తీశాం, ఏ రోజు తీశామని చీటీ కట్టి స్టోర్సుకి అప్పగించాలి. ముప్పై ఏళ్లలో ఒక్క నట్టు కూడా నేను లెక్క తప్పించలేదు. నన్ను పట్టుకుని పద్ధతి లేదంటాడా! ఏం చేస్తున్నానో తెలిసేలోపే లేచి మా క్వార్టరుకి వెళ్లాను. అటక మీద బిస్కట్ల డబ్బాలోంచి ఆ పార్టు తీసుకొచ్చి, చీటీతో సహా, ఆయన ముందు టప్పున పెట్టాను. చీటీ మీద నా దస్తూరీలో గిటారు, కారణం, తేదీ, కింద నా సంతకం.

ఆయన పార్టు మీది ముద్ర చూసి, పాత టంకం అతుకు చూసి, చీటీ రెండుసార్లు చదివాడు. ఆ చీటీ కూడా తనకిమ్మన్నాడు. ఒప్పుకున్న ధర మొత్తం అప్పటికప్పుడే దానియేలు అన్న ఖాతాలో వేసి, గిటారుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాడు. పార్టు ఇచ్చింది నేనే, గిటారు పోగొట్టుకున్నదీ నేనే.

మే మూడో వారంలో స్లాబు పడింది. గృహ ప్రతిష్ఠకి పిలిస్తే వెళ్లాను. పాస్టరుగారు నా పేరు పెట్టి ప్రార్థన చేశారు, ఇలాంటి నమ్మకమైన స్నేహితుణ్ణి ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రమని. సిగ్గుతో తల దించుకున్నాను. వినయం అనుకున్నారు. భోజనాల దగ్గర ఉండబట్టలేక దానియేలు అన్నని పక్కకి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. రిపోర్టు రాసింది గిటారు కొట్టెయ్యడానికనీ, పార్టు తెచ్చింది ఆయన కోసం కాదు, రోషం కొద్దీ అనీ.

ఆయన పకపకా నవ్వి, “ఊరుకో తమ్ముడూ, నువ్విలాగే సెప్తావని మీ వదినతో ముందే అన్నాను. మంచోళ్లందరికీ ఇదే రోగం,” అని నా విస్తట్లో ఇంకో ముక్క వేయించాడు.

ఇంక ఆ విషయం ఎవరికీ చెప్పే ప్రయత్నం చెయ్యలేదు. నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. వస్తువు మీద కన్నేసినవాడు ఆ వస్తువుని తనిఖీ చెయ్యకూడదు. వాడు రాసిన ప్రతి అక్షరం నిజమే అయినా సరే, చెయ్యకూడదు. రిటైరయ్యాక కూడా పాత గిటార్లు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు, కాస్త చూసి చెప్పమని. సంచీ జిప్పు తియ్యకముందే అడుగుతాను, నాకు అమ్ముతారా, నాతో చూపించుకుంటారా అని. రెండూ అంటే, టీ ఇచ్చి పంపేస్తాను.