నర్సన్న బిగించిన గైడ్

నిన్న పొద్దున గద్వాల నుంచి ఫోన్. నర్సన్న కోడలు.

"మామ లేడత్తమ్మా. తెల్లారి లేపితే లేవలే."

అప్పుడే పొయ్యి మీద చాయ్ పెట్టాను. అది పొంగి, మాడి, గిన్నె నల్లబడే దాకా నాకు సోయి లేదు.

గ్రూపుల్లో అందరూ మెసేజ్‌లు పెడుతున్నారు. మంచి మెకానిక్, మంచి మనిషి అని. నేనూ అలాంటివి రెండు లైన్లు టైప్ చేసి చెరిపేశాను. నేను చెప్పాల్సింది వేరే ఉంది. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి.

తెలియని వాళ్ల కోసం. నర్సన్న తోలు కుట్టే పెద్ద మిషన్ల మెకానిక్. నేత కుటుంబం, తండ్రి గద్వాల చీరలు నేసేవాడు. ఈయనకు మగ్గం మీద కూర్చునే ఓపిక లేక స్పానర్ పట్టాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఎక్కడ మిషన్ మొరాయించినా రేకు డబ్బా పట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు.

గైడ్ బిగించాలంటే ఆయనే. గైడ్ అంటే సూది పక్కన మిషన్ బల్ల మీద బిగించే చిన్న ఇనుప ముక్క. తోలు అంచును దానికి ఆనించి తోస్తే కుట్టు వంకర పోదు.

వనపర్తిలో మా షాపు. నేను, మా ఆయన, ఒక్క మిషన్. ఎద్దుల మెడపట్టీలు, బెల్టులు, బ్యాగులు. తోలు మీద తప్పు కుట్టు పడితే విప్పినా లాభం లేదు, సూది చేసిన రంధ్రాలు అట్లాగే ఉండిపోతాయి. అందుకే రెండు వేల ఐదో ఆరో, ఆ ఎండాకాలం, కొత్త గైడ్ పెట్టించాం.

ఆ రోజు ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. అంటే, నేను చెప్పింది తెలుసు.

నర్సన్న తొందరపడ్డాడు. చెక్ చేయకుండా మోటార్ వేశాడు. సూది గైడ్‌కు తగిలి విరిగి, ఆ ముక్క నా ఎడమ కంట్లో పడింది. కన్ను పోయింది.

ఇన్నేళ్లుగా ఇదే చెప్పాను. వనపర్తిలో షాపులవాళ్లు ఆయనను పిలవడం మానేశారు. పాపం, అచ్చంపేట దాకా పోయి పని వెతుక్కున్నాడు.

ఆర్నెల్లకు నేను మళ్లీ మిషన్ మీద కూర్చున్నాను. ఒంటి కన్నుకు దూరం అందదు. సూది ఎక్కడుందో, అంచు ఎక్కడుందో అంచనా చిక్కదు. వారంలో నాలుగు తోళ్లు ఖరాబు చేశాను. ఇట్లయితే మిషన్ అమ్మేద్దామన్నాడు మా ఆయన. ఆ గైడ్‌ను అప్పుడే పీకేశాం. గైడ్ లేకుండా నేను కుట్టలేను. గైడ్ పేరెత్తితే భయం.

ఎవరు చెప్పారో ఏమో, నర్సన్న వచ్చాడు. పిలవకుండానే.

మా ఆయన గడపలో అడ్డం నిలబడ్డాడు.

"ఒక కన్ను తీసినవ్ సాలదా? ఇంకోటి గూడ తీస్తావా? చూస్కోకుండ మోటార్ ఎట్ల ఏసినవ్?"

నర్సన్న తలెత్తి నన్ను ఒక్కసారి చూశాడు.

నేను తల దించుకున్నాను.

ఆ చూపు గురించే ఈ పోస్ట్.

నా కన్ను పోయిన రోజు నర్సన్న తొందరపడలేదు. గైడ్ బిగించి, మోటార్ వేయకుండా, ముందుగా మిషన్ చక్రం చేత్తో తిప్పి చూస్తానన్నాడు. గైడ్ వెంట్రుకవాసి అటో ఇటో జరిగినా అప్పుడే తెలిసిపోతుంది. కానీ పన్నెండింటికి కరెంట్ పోతుంది. మర్నాడు సంతకు మెడపట్టీలు ఇయ్యాలి. "ఎంతసేపన్నా నీ చాదస్తం, జర జరుగు" అని నేనే స్విచ్ వేశాను. ఆయన చెయ్యి ఇంకా చక్రం మీదే ఉంది. పెడల్ తొక్కాను.

"ఆగు చెల్లె" అన్నాడు. నాకు వినబడింది. వినబడినా తొక్కాను.

దవాఖానలో మా ఆయన "ఎట్లయింది" అని అడిగితే నా నోట్లోంచి నర్సన్న పేరొచ్చింది. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు.

మా ఆయన గడపలో అడ్డం నిలబడ్డ ఆ రోజు నర్సన్న ఒక్క మాట చెప్పి ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. చెప్పలేదు.

"తప్పయింది తమ్మీ. ఈసారి నా మొకం పెట్టి చూస్త" అన్నాడు.

గైడ్ బిగించాడు. నా స్టూల్ మీద కూర్చుని, కుట్టేటప్పుడు నా మొహం ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ తన మొహం పెట్టాడు. చక్రం చేత్తో తిప్పాడు. సూది దిగింది, లేచింది. పది సార్లు. తర్వాత మోటార్ వేశాడు. కళ్లు మూసుకోలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక బెల్టు మొత్తం కుట్టి లేచాడు.

"కూసో చెల్లె. ఏం గాదు."

కూర్చున్నాను. కుట్టు వంకర పోలేదు. మిషన్ అమ్మలేదు. మా ఇద్దరు పిల్లలు దాని మీదే చదువుకున్నారు.

అప్పటి నుంచి ఎక్కడ గైడ్ బిగించినా ముందు తన మొహం పెట్టి చూసేవాడు. మొకం మెకానిక్ అని పేరు పెట్టి నవ్వారు కదా అందరూ. నేనూ నవ్వాను. సిగ్గు లేకుండా నవ్వాను.

పోయినేడు బీచుపల్లిలో గుడి బయట కలిశాడు. ఇప్పుడైనా చెబుదామని నోరు తెరిచాను.

"మిషన్ మంచిగ నడుస్తుందా చెల్లె?" అన్నాడు.

నడుస్తుందన్నాను. బస్సొచ్చింది. ఎక్కి పోయాడు.

ఈ పొద్దున మా ఆయనకు అంతా చెప్పాను. ఇంకా నాతో మాట్లాడడం లేదు.

నా దగ్గర నర్సన్న ఫోటో లేదు. గైడ్ ఫోటో పెడుతున్నాను. ఇప్పటికీ ఆయన బిగించిన చోటే ఉంది.

ఆయన కొడుక్కి, కోడలికి, ఆయనను పనికి పిలవడం మానేసిన ప్రతి షాపుకీ చెబుతున్నాను. నర్సన్న పనిలో తప్పు లేదు. పెడల్ తొక్కింది నేను.

అన్నా, ఇక ఏ మిషన్ ముందూ నువ్వు మొహం పెట్టే పని లేదు. నిమ్మళంగా పడుకో.