కనబడని ముడి

బడి మధ్యలోనే మానేసినా, కథలు చెప్పడంలో సిరిసిల్లకు నేనే ఫస్టు. అందుకే నా మాటలో సగం తీసేసి నమ్ముతారు. పెంటయ్య మామ సంగతిలో మాత్రం ఏమీ తీయకండి. సాంచా, అంటే మా మరమగ్గం, మీద పోగు తెగితే, ఈగ వాలి లేచేలోపు అతికేవాడు. ఆ ముడిని వెతకాలంటే దేవుడే దిగిరావాలి. నేతపనిలో పరువంటే అదే: ముడి కనబడకూడదు, కొనలు మిగలకూడదు.

ఆర్డర్లు లేక సాంచాలు ఆగిన ఏడాది, వలల పని దొరుకుతుందని ఎవరో చెబితే, భార్య బాలవ్వతో భీమునిపట్నం చేరాడు. ఆ ఊరు నేనూ చూశాను. గోస్తని నది సముద్రంలో కలిసేచోట పడవలు, లైట్‌హౌస్, డచ్చివాళ్ల పాత సమాధులు, ఇసుక మీద ఎండుతున్న చేపలు. అక్కడి ఆడవాళ్ల చేపల బేరం ముందు మా వేములవాడ జాతర కూడా మౌనవ్రతమే. పడవ వచ్చేదాకా మాత్రం ఒడ్డు మాట్లాడదు. అందరి కళ్లూ నీటి మీదే.

ఎల్లాజీ అనే ముసలి పడవ యజమాని తన చిరిగిన వలను మామకు అప్పగించాడు.

"సెయ్యగలవేటయ్యా?"

"నూలు ఏదైతేంది పెద్దయ్యా, చెయ్యి నాదే గద!"

పొద్దుగూకకముందే ముగించాడు. అన్నీ సిరిసిల్ల ముడులే. సన్నగా వేసి, కొనలు నున్నగా కత్తిరించాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

మర్నాడు సముద్రంలో వల బరువెక్కింది. లాగుతుంటే, తడిసిన నైలాన్ మీద మామ ముడులు జారాయి. చేపలన్నీ వెళ్లిపోయాయి. పడవ ఖాళీగా తిరిగొస్తే, గంపలతో నిలబడిన ఆడవాళ్లు వాటిని బోర్లించి ఇళ్లకు మళ్లారు. తిట్టినా బాగుండేది. మామ ఇంటికొచ్చి బట్టలు సర్దాడు.

"ఏడికి?" అంది బాలవ్వ.

"ఊరికి పోదాం. ఈడ నాకు పనెవడిస్తడు ఇంక?"

"పోదాం తియ్. గా వల గట్లనే ఇడిశిపెడితె, మల్ల గదే పట్టుకొని గాళ్లు నీళ్లమీదికి పోతరు. నీ ముడులు నువ్వే ఇప్పి రా, పో."

వెళ్లి వల ముందు కూర్చున్నాడు. జారినవి కొన్నే. మిగిలినవి అంత పెద్ద వలలో ఎక్కడున్నాయో! తాను దాచిన ముడులు తనకే కనబడలేదు. వేళ్లతో తడుముతూ ఒక్కొక్కటే వెతికాడు. కాసేపటికి ఎల్లాజీ వచ్చి అవతలి పక్కన కూర్చున్నాడు.

"ముడి కనపడితే సిగ్గేటయ్యా? మాకు సేతికి తగలాల. రెండు సుట్లు సుట్టు. కొనలు కొయ్యకుండా ఒగ్గీ."

మామ అలాగే లావు ముడి వేసి, దాన్ని చూసి తలదించుకున్నాడు. ఊళ్లో అలాంటి ముడి వేస్తే సాంచాల ఆసామి ఆ గుడ్డనే మొహాన కొట్టేవాడు. అయినా వలంతా అలాగే కట్టాడు.

పడవ మళ్లీ వెళ్లిన పొద్దున, గంపలవాళ్ల వెనక మామా బాలవ్వా నిలబడ్డారు. పడవ వచ్చింది. ఎల్లాజీ దిగి, ముందుగా వలను మామ కాళ్ల దగ్గర పరిచాడు. ఒక్క ముడీ జారలేదు. చేపలు పెద్దగా పడలేదు. అయినా వాటాలు వేసేటప్పుడు, "ఇది వల కట్టినోడికి" అని చిన్న కుప్ప వేరుగా పెట్టాడు.

తీసుకోవడానికి మామకు చెయ్యి రాలేదు. బాలవ్వే కొంగు పట్టింది.