చివరి మెట్టు కింది కట్టుమరం

తమిళ తీరాన ఉప్పళంలో సైకిల్ షాపు మేడ మీద పడవల సంఘం ఆఫీసు. అక్కడ సీతాపతికి ఇంక పంతొమ్మిది పనిదినాలే మిగిలాయి. ఆ పంతొమ్మిది రోజులూ తన నిచ్చెనను ఎవరూ కదపకుండా చూసుకోవాలన్నది ఆయన పట్టుదల.

నిచ్చెన అంటే కంప్యూటర్లో నడిచే ఒక ప్రోగ్రాం. ప్రతి కుప్పంలోనూ, అంటే జాలరుల పల్లెలోనూ, ఒడ్డున సంఘం కొట్టం ఒకటి ఉంటుంది. అందులో మేకులు కొట్టిన పలక, మేకుకొక నంబరు బిళ్ల. సముద్రం మీదికి పోయేవాడు తన బిళ్ల తీసుకుని పోతాడు, తిరిగొచ్చాక తగిలిస్తాడు. కొట్టం గుమాస్తా రెండింటినీ ఫోనులో ఎక్కిస్తాడు. పగలు పదకొండుకు ప్రోగ్రాం ఇంకా తిరిగిరాని బిళ్లలన్నీ వెతికి, అది ఏ రకం పడవ, ఎంత దూరం పోయేది, గాలి ఎటు ఉంది అని చూసి, మనిషి రాలేదని ఇంటివాళ్ల ఫోనుకు కబురు పంపాలో అక్కర్లేదో తేలుస్తుంది. ఫైబర్ పడవైతే ఇలా, కాకుంటే లాంచీ అయితే అలా, అదీ కాకుంటే మరోలా అంటూ కిందికి దిగే నలభై ఒక్క మెట్లు. అన్నీ ఇరవై ఏళ్లలో ఆయన ఒక్కొక్కటిగా కట్టినవే.

సీతాపతి పెద్ద చదువులు చదివినవాడు కాదు. తండ్రి నూలు మిల్లు కార్మికుడు. సంఘంలో టైపిస్టుగా చేరి, కంప్యూటర్ వచ్చిన ఏడాది సాయంత్రం క్లాసులకు పోయి జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాడు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. తెలుగు అక్షరాలు ఆయనకు రావు. ప్రోగ్రాంలో పక్కన రాసుకున్న గుర్తులు రెండు భాషలూ కలిసి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. పదిహేడో మెట్టు, తిరుమలై అనే అతను ఇంజను మార్చి ఆఫీసుకు చెప్పని రోజు పుట్టింది. ముప్పయ్యో మెట్టు ఒక తుపాను మర్నాడు పుట్టింది. ఊరికే పుట్టిన మెట్టు ఒక్కటీ లేదు.

ఆయన తరవాత ఆ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి అర్చిత. వాళ్లది బజారులో బట్టల కొట్టు. చేరిన మొదటిరోజే ఆయన తన భార్య తాయారమ్మతో ఫోనులో తెలుగులో మాట్లాడటం విని, సార్ అనడం మానేసి మామా అనడం మొదలుపెట్టింది. సంఘం కంప్యూటర్లలో జావా కొత్త వెర్షన్ వేశారు. అందులో ఈ మెట్లన్నిటినీ వరసల పట్టీలా రాసే పద్ధతి వచ్చింది: ఈ రకానికి ఇది, ఆ రకానికి అది. ఒక్క రకం మరిచిపోయినా, రాసినదాన్ని సరిచూసి ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ ఒప్పుకోదు, ప్రోగ్రామే తయారు కాదు. నిచ్చెనను అలా మార్చేద్దామని అర్చిత అడిగింది.

"బాగా నడస్తాండే బండికి చక్రాలు ఊడదీస్తానంటావేందమ్మా?" అన్నాడు సీతాపతి.

"మీరు పోయినాక ఈ మెట్లు ఎవురికి అర్థమవుతాయి మామా?"

"పోయినాక అనద్దు. రిటైర్ అయినాక అను."

ఆమె నవ్వింది గాని వెనక్కి తగ్గలేదు. సంగతి సెక్రటరీ ఎళిలరసన్ దాకా పోయింది. ఆయన ఇద్దరి మాటలూ విని, రెండు వారాలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపండి, కబుర్లు మాత్రం పాతదే పంపనీ, తరవాత చూద్దాం అన్నాడు.

అర్చిత ప్రతి మెట్టునూ విప్పి అడుగుతుంటే సీతాపతి కథ చెప్పేవాడు. తొమ్మిదో మెట్టు దగ్గర మాత్రం ఆమె అడగలేదు. అక్కడ 'రాసాత్తి బుట్ట, పన్నెండున్నర దాకా ఆగు' అని గుర్తు రాసుంది. అది పాత పరీక్షల తాలూకు చెత్త అనుకుని తీసేసింది. సీతాపతి పక్క కుర్చీలోంచి చూశాడు. నోరు మెదపలేదు.

రాసాత్తి చేపలమ్మే మనిషి. దక్షిణపు గాలి బలంగా ఉన్న రోజు వీరాంపట్టినం పడవలు సొంత ఒడ్డు పట్టలేక ఉత్తరాన వైతికుప్పంలో దిగుతాయి. బిళ్ల మాత్రం సొంత ఊరి మేకుకే పడాలి. మేకుకు బిళ్ల పడకముందు మనిషి వచ్చాడని నోటితో అనడం కీడు అని వాళ్ల నమ్మకం, అందుకే ఫోనులో కూడా చెప్పరు. రాసాత్తి ఆ బిళ్లలన్నీ చేపల బుట్టలో వేసుకుని బస్సెక్కి, మధ్యాహ్నానికి వీరాంపట్టినం చేర్చి తగిలిస్తుంది. ఈ మెట్టు లేకుంటే గాలి తిరిగిన ప్రతిరోజూ పది ఇళ్లకు దొంగ కబుర్లు పోతాయి. రెండుసార్లు అలా పోతే మూడోసారి నిజం కబురును కూడా ఎవరూ నమ్మరు.

గాలి తిరగనీ, కొత్త పట్టీ బండారం దానంతటదే బయటపడుతుంది అనుకున్నాడు సీతాపతి. చెప్పకుండా ఊరుకోవడం ఆయనకేమీ తప్పనిపించలేదు.

కొత్తది రాయడం మొదలుపెట్టిన అయిదో రోజు పొద్దున అర్చిత పిలిచింది. "మామా, కంపైలర్ ఒప్పుకోనంటాంది. ఒక రకం మిగిలిపోయిందంట."

"ఏ రకం?"

"ఇంజను లేని కట్టుమరం. రిజిస్టర్లో మూడుండాయి. మీ మెట్లలో యాడా లేదు."

ఆయన నలభై ఒక్క మెట్లూ వేలు పెట్టి దిగాడు. ఆ రకాన్ని ఆరేళ్ల కిందట రిజిస్టర్లో చేర్చింది తనే. మెట్టు కట్టడం మరిచిపోయాడు. ఏ మెట్టూ పట్టుకోని పడవ జారిపోయి చివరి 'కాకుంటే'లో పడుతుంది. అక్కడ రాసి ఉన్నది ఒకటే: ఏమీ చెయ్యకు.

మూడింటిలో రెండు ఎప్పుడో ఒడ్డున పడి పుచ్చిపోయాయి. మూడోది వైతికుప్పం కరుప్పన్‌ది. డెబ్బై రెండేళ్ల మనిషి, ఇంకా తెడ్డు వేసుకునే పోతాడు. ఆ మధ్యాహ్నమే సీతాపతి స్కూటర్ మీద వైతికుప్పం పోయాడు. కరుప్పన్ కొట్టం నీడన కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. ఆఫీసు మనిషి తన కోసం రావడం ఆయనకు గొప్పగా అనిపించింది. ఒక్కనాడైనా బిళ్ల తగిలించకుండా ఇంటికి పోయానేమో గుమాస్తాను అడగమన్నాడు.

"మీరు చూస్తా ఉంటారని నా కూతురికి ధైర్యం సారూ. లేకుంటే ఈ వయసులో నన్ను నీళ్లలోకి పోనిస్తుందా?"

ఆరేళ్లుగా చూడలేదన్న సంగతి సీతాపతి చెప్పలేదు. టీ తెప్పిస్తానన్నా ఆగకుండా వచ్చేశాడు.

ఆఫీసులో అర్చిత పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తొమ్మిదో మెట్టు తీసేసినావు కదా. అది చెత్త కాదు. నువ్వు తీసేటప్పుడు చూసినాను. కావాలనే చెప్పలే."

ఆమె టైపు చెయ్యడం ఆపింది. "గాలి తిరిగినాక నవ్వుదామనా?"

"అవును."

"మంచి మామే మీరు," అని కీబోర్డు ఆయన ముందుకు తోసింది. "రాయండి అయితే."

కట్టుమరానికి ఒక వరస చేర్చి, రాసాత్తి బుట్టను కూడా కొత్త పద్ధతిలో ఆయనే రాశాడు: వీరాంపట్టినం ఫైబర్ పడవ, అదీ దక్షిణపు గాలి ఉన్నప్పుడు అని. మొదట మామూలు ఫైబర్ పడవ కింద పెట్టాడు. పైవరస అన్నిటినీ మింగేస్తుంది, కిందిదానికి వంతే రాదని కంపైలర్ తిప్పికొట్టింది. పైకి జరిపాడు, ఒప్పుకుంది. తన తప్పు పట్టుకునే మనిషి ఇన్నేళ్లలో పక్కన ఒక్కరూ లేరన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. కానీ కంపైలర్‌కు రకాలు తెలుసు గాని రాసాత్తి తెలియదు. అందుకని మిగిలిన రోజులన్నీ ప్రతి వరస పక్కనా అది ఏనాడు, ఎవరి వల్ల పుట్టిందో రాయిస్తూ కూర్చున్నాడు. ఎళిలరసన్ అడిగితే, నెలాఖరుకు ముందే కొత్తదానికి మారిపోదాం అని తనే చెప్పాడు.

ఆఖరి పనిదినం పదకొండు గంటలకు కొత్త ప్రోగ్రాం ఒకే ఒక్క కబురు పంపింది. పావుగంటకు ఆఫీసు ఫోను మోగింది. కరుప్పన్ కూతురు కయల్విళి.

"మా నాయన రాలేదని రాసింది ఎవురు? టీ కొట్టు కాడ కూర్చోనుండాడు, బిళ్ల నడుములో దోపుకోని. నేను ఒడ్డు దాకా పరిగెత్తినాను. ఆరేళ్లుగా లేంది ఇప్పుడేంది ఈ కబురు?"

"ఆరేళ్లుగా రావాల్సిందేనమ్మా," అన్నాడు సీతాపతి. "మీ నాయన ఎన్ని దినాలు ఆలస్యమయినా మేం చూడలే. తప్పు నాది. మొన్నామధ్య వచ్చి కూడా ఆయనకు చెప్పలేకపోయినాను."

అర్చిత పని ఆపి వింటోంది.

"రేపు కూడా ఆ టీ కొట్టు కాడే కూర్చుంటే?" అని అడిగింది కయల్విళి.

"రేపు కూడా వస్తుంది కబురు."

"రానీండి," అంది కయల్విళి. "బిళ్ల తగిలించినాకే టీ అని ఆయనకు నేను చెప్పుకుంటాను."