చేపల పెట్టెలో వచ్చిన యాంటీబాడీ

రణస్థలం దగ్గర ఇంజెక్షన్ల కంపెనీలో నా పని నీళ్లను అనుమానించడం. నీళ్లలో బాక్టీరియా చచ్చినా దాని విషం మిగిలిపోతుంది. కాచినా పోదు, కంటికీ కనబడదు. నెత్తుట్లో కలిసిందంటే చలి, జ్వరం.

డయాలసిస్‌కు వెళ్లే మా మేనత్తకు సరిగ్గా అదే పట్టుకుంది. మిషన్ మీద ఉండగానే వణుకు. మూడోసారి వణికాక ఇక రానని మొండికేసింది.

"సస్తే ఇంటికాడే సస్తాను. ఆ సలి నాకొద్దురా" అంది.

మానేస్తే ఎన్నాళ్లో బతకదని అందరికీ తెలుసు. డయాలసిస్ సెంటర్ వాళ్లను అడిగితే నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. నాకు ఒళ్లు మండింది. నేనే తేలుస్తానన్నాను, పెద్ద మొనగాడిలా.

విశాఖలో తెలిసినాయన ఒక చిన్న కిట్ ఇస్తానన్నాడు. అందులోని యాంటీబాడీ విషాన్ని పట్టుకుంటే ప్లేటు గుంతలో రంగు వస్తుంది. అత్త కొడుకు, మా బావ, చేపల వ్యాపారి. రోజూ విశాఖ వెళ్లొస్తాడు. బాగా చల్లగా ఉంచి తెమ్మని చెప్పాను. తెచ్చి, వాళ్ల ఫ్రిజ్‌లో ఒక రోజుంచి, నాకిచ్చాడు.

శ్రీకాకుళంలో స్నేహితుడి కాలేజీ ల్యాబ్‌లో కూర్చున్నాను. ముందు విషం ఉందని తెలిసిన నీళ్లు వేసి యాంటీబాడీ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. కంపెనీలో ఆ పని ఎగ్గొడితే ఉద్యోగం ఊడుతుంది. కానీ ఉన్నవే నాలుగు గుంతలు, దండగెందుకని మూడింటిలో సెంటర్ నుంచి పట్టుకొచ్చిన నీళ్లే పోశాను. ఒక్కదానికీ రంగు రాలేదు. ఆ సాయంత్రమే అత్త మంచం పక్కన కూర్చుని, నీళ్లు మంచివే, వణుకు నీరసం వల్ల అయ్యుంటుందని చెప్పాను. నా మొహం కాసేపు చూసి, సరే ఎల్తాను అంది.

మర్నాడు పొద్దున్న ఎందుకో మనసు పీకి, మిగిలిన గుంతలో ల్యాబ్ వెనక, విషం ఉండి తీరే మురిక్కాలవ నీళ్లు వేశాను. దానికీ రంగు రాలేదు. అప్పటికే అత్తను డయాలసిస్‌కు తీసుకెళ్లిన బావకు ఫోన్ చేసి, యాంటీబాడీ సీసా ఎలా తెచ్చావని అడిగాను.

"మంచి సేపకేసినట్టే ఐసులో ఉప్పు దట్టించి తెచ్చేను. రాయిలా బిగిసిపోనాది" అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

ఉప్పు కలిస్తే ఐసు ఇంకా చల్లబడి సీసాలోది గడ్డకడుతుంది. గడ్డకడితే ఆ యాంటీబాడీ పాడైపోతుంది. గడ్డకట్టనివ్వకు అని నేను అతనికి చెప్పనేలేదు. వెంటనే అత్తను మిషన్ మీంచి దింపించమన్నాను. ఈసారి వణుకు లేదని, దుప్పటి కప్పుకుని పడుకుందని అన్నాడు. నేను అరిచాక వెళ్లి దుప్పటి తీశాడు. అత్త పళ్లు గిట్టకరిచి ఉంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికి పోయింది.

ఆ నీళ్లలో విషం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వారమే సెంటర్లో ఫిల్టర్లు మార్చేశారు.

పదో రోజున బావ నా పక్కన కూర్చున్నాడు. వణుకుతున్నావా అని నర్సు రెండుసార్లు అడిగిందట. అత్త లేదందట. ఎందుకలా చెప్పిందని నేను అడగలేదు. దుప్పటి తీసినప్పుడు తనూ అదే అడిగితే అత్త ఏమందో అతనే చెప్పాడు.

"మా అల్లుడు సూసి సెప్పినాడు, నీళ్లదేటీ నేదు, ఇది నా ఒంటిదే, ఓర్సుకోవాలి అందిరా."