ఫ్రేము దాటిన బొటనవేలు

2024 ఎండాకాలం. పెరంబూరులో మా ఇంటి ముందుగది. రెండు వేలమంది ఊపిరి బిగబట్టి నా చేతుల్నే చూస్తున్నారు. ఆ రోజు నేను లేకపోతే, ఒక అమ్మాయి ఏడాదిగా వెతుకుతున్న కార్డు ఆమెకు దక్కేది కాదు.

రెండు వేలన్నాను కదా. ఎంతమంది చూస్తున్నారో ఫోనులో ఒక మూల అంకె పడుతుంది. అక్కడ నలభై మూడని ఉంది. అందులో మా బావమరిది ఒకడు, మా అమ్మాయి రెండో ఫోను ఒకటి. మిగిలిందంతా నిజమే. చాలావరకు.

సౌకార్‌పేటలో పెళ్లిపత్రికల హోల్‌సేల్ అంగడిలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాను. పత్రికలు లెక్కపెట్టి కట్టలు కట్టడం నా పని. బొటనవేలు నాలుకకు తాకించి కట్ట అంచున ఆడిస్తే చాలు, వందకు ఒకటి తక్కువున్నా వేలికే తెలిసిపోయేది. అంగడి వదిలాక మా అమ్మాయి సుమతి దగ్గర ప్యాకింగ్ పనిలో చేరాను.

సుమతిది లైవ్ బ్రేక్ వ్యాపారం. ఆటగాళ్ల బొమ్మలతో కార్డులొస్తాయి, సీలు పెట్టెల్లో. పెట్టె మొత్తం ఒక్కరే కొనాలంటే ఖరీదు. అందుకని పదిమంది చేరి తలా ఒక జట్టు తీసుకుంటారు. ఆ వంతును స్పాట్ అంటారు. సుమతి కెమెరా ముందు పెట్టె విప్పుతుంటే అందరూ ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని చూస్తారు. ఏ జట్టు కార్డు వస్తే ఆ స్పాట్ వాళ్లది. సంతకం చేసిన కార్డు లాంటి అరుదైనది పడితే దాన్ని హిట్ అంటారు.

కెమెరా పైనుంచి బల్లను మాత్రమే చూపిస్తుంది. విప్పేవాడి చేతులు ఆ ఫ్రేము దాటకూడదు. క్షణం కనిపించకపోయినా, కార్డు మార్చేశాడేమోనని అనుమానం. ఎవరైనా పట్టుబడితే ఆ బ్రేక్ రద్దు. వచ్చిన కార్డులు ఎవరికీ చెందవు.

ఆ శనివారం ఇడ్లీ పాత్ర ఆవిరికి సుమతి చెయ్యి కాలింది. కట్టు కట్టుకుని వచ్చి అంది:

"నాయినా, ఈ పొద్దు నువ్వే విప్పాల. చేతులు బల్ల మింద నుంచి ఎత్తొద్దు. కార్డు అంచులు పట్టుకో, నడాన తాకొద్దు."

"నాకే చెప్తావా? నువ్వు పుట్టకముందు నుంచి కార్డులతోనే ఉండానే!"

"అవి పెండ్లి కార్డులు."

ఒక్క సంగతి సుమతికి తెలియదు. కొత్త పళ్లు కట్టించుకున్నప్పుడు డాక్టరు వక్కాకు మానమన్నాడు. మానేశానని సుమతికి మాటిచ్చాను. కానీ ఆ మధ్యాహ్నం ఆరేసిన గుడ్డలు తెస్తానని మిద్దె ఎక్కి, రెండాకులు వేసుకుని, నోరు కడుక్కోకుండానే దిగాను. గుడ్డలు కూడా తేలేదు.

ఆ రోజు పెట్టె మహిళల క్రికెట్‌ది. ఐర్లాండ్ స్పాట్ హారికది. హారికది కరీంనగర్, షోళింగనల్లూరులో ఐటీ ఉద్యోగం. కాలేజీలో వికెట్ కీపింగ్ చేసేదట. ఐర్లాండ్ కీపరంటే ఆమెకు ప్రాణం. ఆ కీపర్ సంతకం కార్డు కోసం ఏడు బ్రేకుల్లో చేరినా దొరకలేదు. విప్పబోయే ముందు కామెంట్లలో రాసింది: "అంకుల్, ఇదే లాస్ట్. ఇయ్యాల రాకుంటే ఇడిసిపెడ్త."

కార్డులు ఎగురుతాయని ఫ్యాను ఆపేశారు. చెమటలు కారుతున్నాయి. ప్యాకెట్టు తర్వాత ప్యాకెట్టు విప్పుతున్నాను, హిట్ లేదు. ఆఖరి ప్యాకెట్టులో రెండు కార్డులు అంటుకున్నాయి. విడతీయబోయాను, రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు నన్నడిగి లేస్తుందా? బొటనవేలు నోట్లోకి పోయింది, తడుపుకుని వచ్చి రెండింటి మధ్య దూరి పై కార్డును తోసింది.

కింద ఐర్లాండ్ కీపర్. నీలం సిరాతో సంతకం. సంతకం పక్కనే నా బొటనవేలి ముద్ర, ఎర్రగా.

హారిక కంటే ముందు రాసింది ఇండియా స్పాట్ తీసుకున్న తమిళాయన. సిక్సర్ సింగం అని పేరు పెట్టుకున్నాడు. "తాత్తా, కై ఎంగ పోచ్చు?" అంటే, చెయ్యి ఎక్కడికి పోయిందని. వెంటనే ఇంకో ముగ్గురు: "రద్దు చెయ్యండి." ఆయన జట్టుకు ఒక్క మంచి కార్డూ పడలేదు, ఆ కోపం కూడా ఉంది. కానీ నియమం ఆయన వైపే ఉంది.

అప్పుడు హారిక రాసింది: "అంకుల్, మార్చలేదని చెప్పుండ్రి. జెర చెప్పుండ్రి."

చెయ్యి ఎక్కడికి పోయిందో చెబితే వక్కాకు బయటపడుతుంది. చెప్పకపోతే కార్డు పోతుంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కెమెరా కిందికి తల దూర్చి, నాలుక బారెడు చాపాను. ఎర్రటి నాలుక, దాని పక్కన ఎర్రటి బొటనవేలు, బల్ల మీది కార్డుకు ఎర్రటి ముద్ర. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నవ్వే బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. సింగం కూడా, "సరే తాత్తా, రద్దు వద్దు. ముందు నోరు మూయి" అని రాశాడు.

మర్నాడు హారిక కార్డు కోసం తనే పెరంబూరు వచ్చింది. నేను దూది పట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"తుడుస్తానమ్మా, కొంచెమన్నా పోతుంది."

"తుడ్వకుండ్రి అంకుల్. గట్లనే ఇయ్యుండ్రి."

"మరక పడిన కార్డుకు విలువ ఉండదంట కదా?"

"అమ్మెటోళ్లకు గదా విలువ? నేను దీన్ని అమ్మ."

వంకరపోయిన చిటికెనవేలు చూపించింది. కాలేజీలో బంతి తగిలి విరిగిందట. "కీపర్ చేతులు ఎన్నడన్న సాఫ్‌గ ఉంటయా?" అని నవ్వి, కార్డును ప్లాస్టిక్ తొడుగులో పెట్టుకుని, ఆ తొడుగును రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగింది.

ఈ పనిలో ఆ రోజు నాకు బోధపడింది ఇదీ. చేతులు ఫ్రేములో ఉంచడం నాలుగు రోజుల్లో ఎవరికైనా వస్తుంది. తప్పు జరిగిన క్షణంలోనే నోరు తెరిచి ఒప్పుకోవడం, అదే కష్టం. నేను తెరిచాను కాబట్టే ఆ అమ్మాయికి కార్డు దక్కింది.

ఇంతవరకు రాసి సుమతికి చదవమని ఇచ్చాను. చివరిదాకా చదివి, కాగితాలు నా ఒళ్లో పడేసింది.

"నోరు తెరిచినావా? పెట్టె రంగు అంటుకునిందని చెప్పి, పండ్లు బిగించుకోని కూచుంటివి. ఆ పిల్ల అన్నిసార్లు అడగతా ఉంటే చూడలేక, నీ దవడ పట్టి కెమెరా కిందికి లాగి తెరిపించింది నేను. ఈ కాలిన చేత్తోనే."